మొహం చిన్నగా పడే బొమ్మ

వీడియో తీస్తున్నారని తెలిసినా ఫొటోకి నిలబడ్డట్టు బిర్రబిగుసుకుని నిలబడే జాతి ప్రపంచంలో ఒకటుంది. అది మనమే. అప్పటిదాకా గలగలా మాట్లాడుతున్నవాళ్ళం కెమెరా కనిపించగానే వరసలోకి వచ్చేస్తాం. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందుకి కట్టేసుకుంటాం. ఎవరో వచ్చి చాలు అనేదాకా ఊపిరి వదలం.

పోయిన ఆదివారం బ్రిస్బేన్ శివార్లలో, మేముండే స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో మా స్నేహితుల అమ్మాయికి ఓణీల ఫంక్షన్ చేశారు. వీడియో తీయడానికి వచ్చిన ఆస్ట్రేలియన్ అమ్మాయి మా చుట్టూ ప్రదక్షిణలు చేస్తూ, "ఇట్స్ ఎ వీడియో, గైస్! యూ కెన్ మూవ్!" అని మొత్తుకుంటోంది. మేం కదిలితేగా! నాకు ఒళ్ళు మండి, "కదలండి! ఇది ఫొటో కాదు, బొమ్మ!" అని గట్టిగా అరిచాను. అందరూ ఘొల్లున నవ్వారు. ఆ వెంటనే ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని ఊరుకున్నారు. ఆ మాట నాది కాదు. మా అంకుల్‌ది. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు.

ఇక్కడ తల నెరిసిన ప్రతి తెలుగాయనా అంకులే. అందుకని గుర్తుకోసం ఈయన్ని కెమెరా అంకుల్ అనేవాళ్ళం. తెనాలి మనిషి. ఇప్స్‌విచ్ వైపు ఒక ఆస్పత్రిలో ఫార్మసిస్టుగా చేసి రిటైరయ్యారు. అంతకంటే ఆయన చరిత్ర నాకు తెలియదు. తన గురించి చెప్పుకునే అలవాటు ఆయనకి లేదు. నోరు తెరిస్తే ఎవరో ఒక ఫ్రెంచాయన గురించే.

లేక్ పక్కన పార్కులో మేం బార్బీ, అదే బార్బెక్యూ, పెట్టుకున్నప్పుడల్లా శాకాహారం పళ్ళేనికి అంకులే కాపలా. వంకాయ ముక్కలు ఒక్కొక్కటే తిరగేస్తూ, చికెన్ ఇటువైపు జారకుండా ఓ కన్ను వేసి ఉంచి, కొత్తగా వచ్చినవాళ్ళు దొరికితే కథ మొదలుపెట్టేవారు.

"మనకంటే ముందు బొంబాయిలో ఓడెక్కి ఇక్కడ దిగినవాడు బాబూ! వీసా లేదు, పీఆర్ లేదు. పైగా నాలాగే మందులవాడు."

ఎవరని అడక్కపోతే అయిపోయేది. కానీ కొత్తవాళ్ళకి తెలియదు కదా, అడిగేవాళ్ళు.

సినిమా ఇంకా పొత్తిళ్ళలో ఉన్న కాలం అది. బొమ్మని కదిలించే పెట్టె ఒకటి ఫ్రాన్సులో తయారైంది. ఆ పెట్టే తీస్తుంది, అదే అచ్చు వేస్తుంది, అదే తెరమీద చూపిస్తుంది. మందుల పని చేసుకునే ఈ ఫ్రెంచాయన చేతికి ఆ పెట్టెనిచ్చి తూర్పుదేశాలకి పంపించారు. బొంబాయిలో ఒక హోటల్లో మనవాళ్ళకి మొట్టమొదటిసారి కదిలే బొమ్మలు చూపించింది ఆయనే. అది వానాకాలం. ఆ వానల్లోనే అక్కడ కొన్ని బొమ్మలు తీశాడు. అవి పనికిరాలేదు. తర్వాత భార్యని వెంటబెట్టుకుని ఓడెక్కి సిడ్నీ వచ్చాడు. రేవులో పడవ దిగుతున్న జనాన్ని తీశాడు. ఈ దేశంలో తీసిన తొలి బొమ్మ అదేనట. అదీ ఇప్పుడు ఎక్కడా లేదు. ఆ తర్వాత తీసిన గుర్రప్పందేల బొమ్మలు మాత్రం మిగిలాయి. ఇదీ అంకుల్ చెప్పే కథ. ఇందులో ఎక్కడ ఏ వంకాయ ముక్క తిరగేస్తారో కూడా నాకు కంఠతా వచ్చు.

బొంబాయి సంగతికి వచ్చేసరికి మాత్రం అంకుల్ గొంతు తగ్గేది. "బొమ్మ పడలేదమ్మా," అనేవారు, నిన్ననే తన కళ్ళముందు జరిగినట్టు. వాళ్ళ ఊళ్ళో సినిమాని బొమ్మనేవాళ్ళు. హాల్లో ఆట మొదలైతే బొమ్మ పడిందనేవాళ్ళు. స్టూడియోలో దిగిన ఫొటో తెల్లగా తేలిపోతే అదీ బొమ్మ పడకపోవడమే. "ఆ పెట్టెముందు నడిచినవాళ్ళెవరో మనవాళ్ళేగా? గొడుగేసుకుని పోయే గుమాస్తానో, చేపలమ్మే మనిషో. వాళ్ళ నడక పోయింది. ఇహ రాదు."

ఒకసారి నేను ఊరుకోలేక అడిగాను. మాది వరంగల్. మనసులో ఉన్నది కడుపులో దాచుకునే అలవాటు నాకు లేదు.

"అంకుల్, కెమెరా పెట్టి తీసుడే గదా ఆయన చేసింది? డైరెక్టర్ ఎట్లయితడు? కథ లేదు, యాక్టర్లు లేరు."

అంకుల్ అట్లకాడ పక్కన పెట్టి, ఫోను తీసి, గుర్రప్పందేల బొమ్మ చూపించారు. టోపీలు పెట్టుకున్న జనం కెమెరా వైపు చూస్తూ కొయ్యబొమ్మల్లా నిలబడ్డారు. ఇంతలో ఒకాయన వాళ్ళ ముందుకొచ్చి చేతులూపుతూ ఏదో చెప్తున్నాడు. ఆయన ఫ్రెంచాయన భాగస్వామిట.

"చూశావా? వీళ్ళూ మనలాగే బిగుసుకుపోయారు. కదలండి నాయనా అని బతిమాలుకుంటున్నాడు. ఎక్కడ నిలబడి చూడాలో తేల్చుకోవడం ఒకటి, జనాన్ని కదలమనడం ఒకటి. డైరెక్షనంటే అంతే అమ్మాయ్. మిగతాదంతా తర్వాత వచ్చిన ఖర్చు."

అంకుల్ తనూ అలాగే తీసేవారు. పాతకాలపు వీడియో కెమెరా, మూడుకాళ్ళ స్టాండు. కెమెరా కదలకూడదు. శబ్దం ఉండకూడదు. నిమిషం కూడా తీయకూడదు, ఎందుకంటే ఫ్రెంచాయన రీలు అంతకంటే ఎక్కువ వచ్చేది కాదు. జూమ్ అన్నమాట ఎత్తితే ఆయనకి కోపం వచ్చేది. "జూమంటే పిలవని పేరంటానికి వెళ్ళడం. రావాలనుకుంటే వాళ్ళే దగ్గరికొస్తారు. మనం మీద పడకూడదు," అనేవారు.

ఇలాంటి మనిషిని గృహప్రవేశానికి పిలిస్తే ఏమవుతుంది? మా వీధిలో ఒకబ్బాయి పిలిచాడు. అంకుల్ రోడ్డుకి అవతలివైపు పక్కవాళ్ళ చెత్తడబ్బాల మధ్య స్టాండు పెట్టారు. వారం తర్వాత ఆ బొమ్మ వాట్సాప్‌లో వచ్చింది. కింద "పరగడుపున ఒకసారి, రాత్రి భోజనం తర్వాత ఒకసారి చూడవలెను" అని రాశారు. ఏ వీడియో పంపినా ఇలా మందుచీటీలాగే రాసేవారు. ఆ అబ్బాయి లబోదిబోమన్నాడు.

"అంకుల్, ఫేస్‌లే కనిపిస్తలేవు! మా మిసెస్ చీర కలర్ కూడ తెలుస్తలేదు!"

"ఇల్లు కనిపిస్తోందా?"

"ఇల్లయితే కనిపిస్తుంది."

"మీ అమ్మగారు ఎడంకాలు పెట్టబోయి, నాలిక్కరుచుకుని, వెనక్కొచ్చి కుడికాలు పెట్టడం కనిపించిందా?"

ఆ అబ్బాయి మళ్ళీ చూశాడు. నిజంగానే ఉంది. ఆ ఇంట్లో ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ అదే చూపిస్తారు. డ్రోనుతో తీయించిన పెద్ద వీడియో ఎక్కడుందో వాళ్ళకే తెలియదు.

ఇన్నేళ్ళలో అంకుల్ మా అందరి బొమ్మలూ తీశారు. స్కూలు గేటు దాటుతున్న పిల్లలు, సన్నీబ్యాంక్ మార్కెట్లో కూరగాయల సంచులు మోసుకుంటూ కారు వెతుక్కునే మా ఆయన, గుడి ముందు చెప్పులు విప్పుతూ తూలిపడబోయిన నేను. మా అందరి నడకలూ ఆయన దగ్గర ఉన్నాయి. ఒక్క ఆంటీ నడక తప్ప.

ఆంటీ అంటే ఆయన భార్య. చాలా ఏళ్ళ కిందట ఆవిడకి మొహంలో ఒకవైపు నరం దెబ్బతింది. అందరికీ కొన్ని నెలల్లో తగ్గిపోయేది ఆవిడకి పూర్తిగా తగ్గలేదు. నోరు కాస్త పక్కకి జారింది, ఎడమకన్ను సరిగా మూతపడదు. మాకది అలవాటైపోయి కనిపించడం మానేసింది. ఆవిడకి కనిపిస్తూనే ఉంది. నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం వెళ్ళేది. ఏ ఫంక్షన్లోనైనా ఆంటీ వంటింట్లోకి వెళ్ళారంటే బయట ఎవరో కెమెరా తెరిచారని మాకు లెక్క. తెలియనివాళ్ళు గర్వం అనుకునేవాళ్ళు. పాస్‌పోర్టుకి తప్ప ఆవిడ ఫొటో దిగిందే లేదు.

ఆవిడని ఒక్కసారి తన కెమెరా ముందు నడిపించాలి. అంకుల్ కోరికల్లా అదొక్కటే. ఆ సంగతి మాకందరికీ తెలుసు. ఎందుకంటే వారానికోసారైనా మా ముందే అడిగేవారు. "ఏమోయ్, ఆ లెటర్ బాక్సు దాకా ఒకసారి వెళ్ళిరారాదూ?" "మీరే వెళ్ళండి, కాళ్ళున్నాయిగా," అనేవారు ఆవిడ. అక్కడితో సరి.

అది ముసలాయన ముచ్చట అనుకునేదాన్ని, ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళేదాకా.

ఆ రోజు అంకుల్ నన్ను పిలిపించారు. ఫ్రెంచాయన తీస్తే పోయిన పడవ బొమ్మని మళ్ళీ తీస్తారట. సిడ్నీ దాకా ఎందుకు, మన బ్రిస్బేన్ నదిలో ఫెర్రీలు లేవా? మా కుటుంబాలన్నీ ఫెర్రీ ఎక్కి రేవులో దిగాలి. జనాన్ని పోగుచేసే పని నాది. ఆఫీసులో ప్రాజెక్టు మేనేజర్ని కదా, నా మాట వింటారని ఆయన నమ్మకం. ఆఫీసులోనే ఎవరూ వినరని ఆయనకి చెప్పబుద్ధి కాలేదు.

పెరట్లో బట్టల తీగ దగ్గర నిలబడి మాట్లాడుతున్నాం. లోపల కుక్కర్ కూస్తోంది.

"ఆంటీ వస్తరా మరి?" అని అడిగాను.

అంకుల్ వంటింటి కిటికీ వైపు చూసి గొంతు తగ్గించారు.

"నీకో మాట చెప్తాను, ఆవిడతో అనకు. ఆ జబ్బొచ్చిన రోజు పొద్దున్నే పుక్కిలిస్తూ, 'ఏవండీ, నీళ్ళు ఓ పక్కనుంచి కారిపోతున్నాయి' అంది. నేను షూ లేసులు కట్టుకుంటున్నా. 'కిటికీ తెరిచి పడుకున్నావుగా, చలిగాలి, సర్దుకుంటుంది' అనేసి డ్యూటీకి పోయా. మర్నాడూ అదే మాట. ఆ జబ్బుకి మాత్రలు వెంటనే మొదలెట్టాలి అమ్మాయ్. ఊళ్ళోవాళ్ళు ఎవరొచ్చి చెప్పినా, ఇప్పుడే డాక్టర్ దగ్గరికి పో అని తరిమేవాణ్ణి. ఇంట్లో మనిషి చెప్తే చలిగాలన్నాను."

"అప్పుడే మొదలుపెట్టినా తగ్గకపోవునేమో అంకుల్."

"తగ్గకపోయేదేమో. ఆ 'ఏమో'తోనే ఇన్నేళ్ళూ కాపురం చేస్తున్నా."

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"ఇప్పటి కెమెరాలన్నీ మొహం మీద పడి ఏడుస్తాయి," అన్నారు మళ్ళీ. "ఫ్రెంచాయన బొమ్మలో మనిషి మొత్తం పడతాడు, టోపీ నుంచి చెప్పుల దాకా. మొహం శనగ్గింజంత. మొహం చిన్నగా పడే బొమ్మయితే మీ ఆంటీ ఒప్పుకోవచ్చని నా ఆశ. నడక పడితే చాలు నాకు. ఆవిడ నడక ఎప్పుడన్నా చూశావా?"

చూశాను. కుచ్చిళ్ళు ఎడమచేత్తో కొంచెం ఎత్తిపట్టుకుని, దారిలో నీళ్ళు లేకపోయినా ఉన్నట్టు చూసుకుంటూ, చకచకా నడుస్తారావిడ. అంకుల్ మూడుకాళ్ళ స్టాండు, రోడ్డుకి అవతలినుంచి తీయడం, జూమ్ అంటే కోపం, ఇవన్నీ దేనికో నాకు అప్పుడు తెలిసింది. ఆయన ఇన్నాళ్ళూ మా అందరిమీదా చేయి సాధన చేసుకున్నారు. తెలిశాక కోపం రాలేదు. అప్పటినుంచీ ఆయన ఏం చెప్పినా కాదనలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఆరేడు కుటుంబాలం రైలెక్కి నది ఒడ్డున సౌత్ బ్యాంక్ చేరాం. ఆంటీ కూడా వచ్చారు. కానీ షరతు మీద. పులిహోర డబ్బా పట్టుకుని రేవు పక్కన బెంచీ మీద కూర్చుంటారు, పడవెక్కరు. అంకుల్ రేవు చివర స్టాండు పాతారు. మేం ఒక ఫెర్రీలో అవతలి రేవుకి పోయి, ఇంకో ఫెర్రీలో వెనక్కొచ్చాం. దిగేటప్పుడు కెమెరా చూడకూడదు, చేతులు ఊపకూడదు, మామూలుగా నడిచిపోవాలని అంకుల్ ముందే పదిసార్లు చెప్పారు.

పడవ రేవుకి ఆనుకుంది. స్టాండు వెనక అంకుల్ కనిపించారు. అంతే, మావాళ్ళందరూ రెయిలింగ్ దగ్గర వరస కట్టేశారు. పొడుగువాళ్ళు వెనక, పొట్టివాళ్ళు ముందు. పెళ్ళిలో గ్రూపు ఫొటోకి కూడా అంత బాగా కుదరదు.

"కదలండి!" అని అరిచారు అంకుల్. ఎవరూ కదల్లేదు. మా వెనక దిగాల్సిన ఆస్ట్రేలియన్లు ఇరుక్కుపోయారు. రీలు నిమిషం కూడా లేదాయె. అంకుల్‌కి కంగారు పుట్టి ఇంగ్లీషులోకి దిగారు. మనకి బస్సయినా రైలయినా పడవయినా దిగడమంటే గెట్ డౌనే కదా. ఆయన రెండు చేతులూ పైకెత్తి, నది అదిరేలా, "గెట్ డౌన్! ఎవ్రీబడీ గెట్ డౌన్! ఫాస్ట్, ఫాస్ట్!" అన్నారు.

ఆస్ట్రేలియన్లందరూ ఏవో కాల్పులనుకుని దబ్బున కిందకి వంగిపోయారు. ఒకాయన తన కుక్కపిల్ల మీద బోర్లా పడుకున్నాడు. ఒక పెద్దావిడ హ్యాండ్‌బ్యాగు తలమీద పెట్టుకుని కూచుండిపోయింది. మావాళ్ళు మాత్రం ఫొటోకి నవ్వుతూ అలాగే నిలబడి ఉన్నారు.

"ఇట్స్ గెట్ ఆఫ్, అంకుల్! గెట్ ఆఫ్!" అని మా అమ్మాయి అరుస్తోంది. మేం ఎంత తెలుగులో మాట్లాడినా జవాబు ఇంగ్లీషులోనే చెప్పే పిల్ల, ఆ రోజు ఆ ఇంగ్లీషే మమ్మల్ని కాపాడింది. పడవలో పనిచేసే కుర్రాడు పరుగున వచ్చి, సంగతి తెలిసి, నవ్వాపుకుంటూ, "మేట్, ప్లీజ్ డోంట్ యెల్ దట్ ఆన్ ఎ బోట్," అన్నాడు. అంకుల్ టోపీ తీసి చేత పట్టుకుని, దిగుతున్న ప్రతి ఒక్కరికీ సారీ చెప్పారు. హ్యాండ్‌బ్యాగావిడకి రెండు చేతులూ జోడించబోయేసరికి టోపీ జారి నదిలో పడి, తేలుకుంటూ పోయింది.

అప్పుడు వినిపించింది ఆ నవ్వు. బెంచీ మీద ఆంటీ. రెండు చేతుల్లోనూ పులిహోర డబ్బా ఉండటంతో కొంగు అందుకునే వీల్లేకపోయింది. నోరు ఒక పక్కకి లాగేస్తుంటే, కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే, పడీ పడీ నవ్వుతున్నారు. అంత పెద్ద నవ్వు ఆవిడలో ఉందని మాకెవరికీ తెలియదు.

"ఆంటీ, యూ లాఫ్ సో లౌడ్!" అంది మా అమ్మాయి, మెచ్చుకోలుగా.

"మరి నవ్వనా? ముప్పై ఏళ్ళుగా ఈ దేశంలో ఉండి జనాన్ని పడవ దించడం రాలేదు మీ అంకుల్‌కి." ఆంటీ డబ్బా బెంచీ మీద పెట్టి లేచారు. "మీకూ దిగడం రాలేదు. పదండి, నేనెక్కుతా. ఎట్లా దిగాలో చూపిస్తా."

అంకుల్ విననట్టే స్టాండు మర బిగిస్తున్నారు. బిగించిన మరనే మళ్ళీ బిగిస్తున్నారు.

ఈసారి మేం తిరిగొచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. పడవ ఆగింది. ఆంటీ వెనక మేమందరం కోడి వెనక పిల్లల్లా కదిలాం. ఆవిడ కుచ్చిళ్ళు ఎడమచేత్తో ఎత్తిపట్టుకుని, లేని నీళ్ళని చూసుకుంటూ, చకచకా రేవు మీదకి దిగారు. కెమెరా వైపు చూడలేదు. ఒక్క మనిషి సరిగ్గా నడిస్తే అందరికీ నడక వచ్చేసింది. అంకుల్ కోరుకున్నట్టే, ఆయనకి దూరంగా, గుంపులో, మొహం శనగ్గింజంత.

అప్పుడు ఆవిడ ఆగారు. టోపీ లేని అంకుల్ బట్టతల ఎండకి మెరుస్తోంది. అంతకుముందే ఆయన నెత్తిమీద ఒక మచ్చ పెరిగితే డాక్టరు కోసి తీశాడు. ఈ ఎండలో టోపీ లేకుండా గుమ్మం దాటొద్దని గట్టిగా చెప్పి పంపాడు. టోపీ నదిలో పడటం చూసి నవ్వినావిడకే, ఆ టోపీ దేనికో అప్పుడు గుర్తొచ్చింది. ఆంటీ వరస వదిలేసి, తిన్నగా కెమెరా వైపు నడిచారు.

"ఆంటీ, కెమెరా! పక్కకి!" అని నేను వెనకనుంచి అరిచాను. ఆవిడ వింటేగా.

"తల మాడిపోతోంది చూసుకోరా? ఆ డాక్టరు ఏమన్నాడు? నీడకి రండి!" అంటూ స్టాండు మీదుగా వంగి, కొంగు చాచి ఆయన నెత్తిమీద కప్పారు.

ఊళ్ళో అందరినీ కదలండని అరిచిన మనిషి, కొంగు కింద తలవంచుకుని, కెమెరాకున్న చిన్న తెరలోకి చూస్తూ ఉండిపోయారు. కెమెరా ఆగేదాకా అలాగే ఉన్నారు.

పులిహోర తింటూ అందరం షాటు పాడైందని బాధపడ్డాం. మళ్ళీ తీద్దామన్నారు కొందరు. అంకుల్ వద్దన్నారు. బెంచీ చివర ఆంటీ పక్కన కూర్చుని కెమెరా ఆవిడ ఒళ్ళో పెట్టారు. నేను ఆవిడకి మంచినీళ్ళు ఇవ్వడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను.

ఆవిడ చూశారు.

"ఇంత దగ్గరికొచ్చేశానా?"

"వచ్చావు."

"మరి జరగమని చెప్పొచ్చుగా? అందరికీ చెప్తారుగా?"

"నోరు రాలేదే."

ఆవిడ మళ్ళీ చూశారు. అంకుల్ ఎదురుగా నదిని చూస్తూ అడిగారు. "తుడిచెయ్యనా?"

ఆ ప్రశ్న అడగడం ఆయనకి ఎంత కష్టమో నాకు తెలుసు. ఆవిడ అవునంటే తుడిచేసేవారే. అందులో నాకు సందేహం లేదు.

"ఉండనీండి," అన్నారు ఆంటీ. "కానీ ఎవరికీ పంపకండి."

అంకుల్ పంపలేదు. పరగడుపున చూడమనీ భోజనం తర్వాత చూడమనీ ఏ సందేశమూ రాలేదు. ఎంత అడిగినా, "ఏ బొమ్మ? అది పడలేదమ్మా," అనేవారు. నేను అక్కడే ఉండి చూశానని తెలిసినా అదే మాట. ఆ తర్వాత రెండు చలికాలాలు గడిచాయి. మూడో చలికాలంలో గుండె ఆగి, ఒక పొద్దున నిద్రలోనే వెళ్ళిపోయారు.

ఓణీల ఫంక్షన్ అయిన మర్నాడు ఆఫీసునుంచి తిన్నగా ఆంటీ ఇంటికి వెళ్ళాను. అంకుల్ పోయి ఏడాది నిండుతోంది కదా, ఏడూడి రోజు పెట్టడానికి ఆయన ఉన్న వీడియో ఒక్కటైనా కావాలని మావాళ్ళందరూ వెతుకుతున్నారు. ఎవరి దగ్గరా లేదు. ఎప్పుడూ కెమెరా వెనక ఉన్న మనిషి ముందుకెలా వస్తాడు? ఆ మాటే ఆంటీతో అని, "ఒక్క బొమ్మల కూడ అంకుల్ లేరు ఆంటీ," అని ఏడ్చేశాను. ఓదార్చాల్సినదాన్ని నేనే ఏడిస్తే ఎలా? కానీ ఆపుకోలేకపోయాను.

ఆంటీ లేచి వెళ్ళి టీవీ పెట్టారు. నది, రేవు, పడవ. మేమందరం చిన్నచిన్నగా దిగుతున్నాం. గుంపులోంచి ఆవిడ విడిపోయి ఇటు వస్తున్నారు. పెద్దవుతున్నారు. చివరికి గోడమీద టీవీ నిండా ఆవిడ మొహమే. పక్కకి జారిన నోరు, సగం మూతపడే కన్ను, శబ్దం లేకుండా కదులుతున్న పెదాలు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు, తెరమీదా పెట్టుకోలేదు, నా పక్కనా పెట్టుకోలేదు.

"ఏడూడి రోజు ఇదే పెట్టండి," అన్నారు.

"ఇందుల అంకుల్ లేరు గదా ఆంటీ."

ఆవిడ నా వైపు తిరిగి, నాకేమీ తెలియనందుకు జాలిపడ్డట్టు చూశారు.

"లేకపోవడమేంటే? నేను తిడుతున్నది ఎవర్నమ్మా మరి?"